నా కుడిచేతి వైపు

తోట్లవల్లూరు,
ఫిబ్రవరి 9, ఆదివారం.

ఉసిరీ,

నిన్ను ఇట్లా పిలిచినందుకు ఏమనుకోకు తల్లీ. మా దీవెన నోట ఎప్పుడూ ఇదే మాట. ఉసిరి అట్లా అంది, ఉసిరి ఇట్లా చేసింది అని. నీ అసలు పేరు ఉషశ్రీ అని నాకు దాని పెట్టె మా వాకిట్లో దిగిన రోజున తెలిసింది.

నేను దీవెన వాళ్ల అమ్మను, మార్తను. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోన్ చేయొచ్చుగా అనుకుంటావేమో. మా పిల్ల నంబరే ఇప్పుడు మీ పార్లరుకి ఉందని తెలుసు. ఆ నంబరు కొడితే అవతల హలో అన్నది దాని గొంతు కాకపోతే నేను తట్టుకోలేను. ఒకసారి కొట్టాను కూడా. నీ వెనకాల జుట్టు ఆరబెట్టే మిషను చప్పుడు, ఎవరో ఆడపిల్లల నవ్వులు. పెట్టేశాను. అది నేనే.

పని ఏందంటే, మా ఆయన దీవెనకు సమాధి కడతానంటున్నాడు. ఆయన తాపీ మేస్త్రీ గదా. వేరేవాళ్లని ఇటుక కూడా ముట్టనివ్వనంటాడు. నవంబరు రెండు సమాధుల పండగకల్లా కట్టడం పూర్తి చేసి, తలవైపు రాతికి టైలు మీద ఫోటో వేయించి బిగించాలని ఆయన ఆశ. పోయిన పండక్కి అది వట్టి మట్టిదిబ్బ. బిడ్డ పోయి అప్పటికి నెలన్నా నిండలేదు. కొవ్వొత్తి గుచ్చితే ఊరికే దిగింది, మట్టి అంత పచ్చిగా ఉంది.

ఫోటో కావాలి. మా ఇంట్లో ఉన్నవన్నీ పెళ్లిళ్లలో దిగినవి. వాటిల్లో బొమ్మ ఉంది గానీ నా బిడ్డ లేదు. మొహానికి ఏమీ వేసుకోని ఫోటో కావాలి నాకు. పొద్దున్నే నిద్ర లేచినట్టు ఉండాలి. నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నారు, నీ ఫోనులో లేకుండా ఉంటదా? ఒక్కటి చాలు. కాగితం మీద తీయించి పంపు. మాది బటన్ ఫోను.

ఇక్కడ లంకల్లో పసుపు తవ్వుతున్నారు. రోజూ పోతున్నాను. ఇంట్లో ఉంటే గోడలు చూడటమే.

దీవెన వాళ్ల అమ్మ,
మార్త

*

భవానీపురం, విజయవాడ,
ఫిబ్రవరి 21.

మార్త ఆంటీకి,

నమస్కారం. మీ ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ షట్టరు కింద నుంచి లోపలికి తోసి వెళ్లాడు. మాకు ఉత్తరాలెవరు రాస్తారు, కరెంటు బిల్లేమో అనుకుని తొక్కేశాను. తీసి మొదటి మాట చదివి పార్లరు మెట్టు మీదే కూర్చుండిపోయాను. నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి ఇంక లేదనుకున్నానండీ.

ఆ రోజు ఫోన్ చేసింది మీరేనని నాకు తెలుసు. అవతల ఊపిరి వినిపించింది. మీరు పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాను.

మూడు ఫోటోలు పంపుతున్నాను. ఒకటి భవానీ ద్వీపం వెళ్లినప్పటిది, పడవలో. రెండోది మా పార్లరు తెరిచిన రోజుది. మూడోది కిటికీ పక్కన నిలబడినప్పుడు తీసింది. తెల్ల చుడీదారు, జుట్టు విరబోసుకుని ఉంది, చెవులకు కూడా ఏమీ లేవు, ఇంకో క్షణంలో నవ్వేటట్టు ఉంది చూడండి. అందులో మొహానికి ఏమీ లేదు. మీకు కావలసింది అదేననుకుంటున్నాను.

టైలు సంగతి నాకు వదిలేయండి. వన్ టౌన్‌లో వెంకటప్పయ్య గారని ఒక పెద్దాయన ఉన్నారు, టైలు మీద ఫోటోలు ఆయనే బాగా వేస్తారు. ఎండలో కూడా వెలిసిపోవట.

ఆరోగ్యం జాగ్రత్త ఆంటీ.

ఉషశ్రీ

*

తోట్లవల్లూరు,
మార్చి 6.

ఉసిరీ,

ఫోటోలు అందినాయి. మూడోది చూసి మా ఆయన, "అచ్చం మన పిల్లేనే" అని తువ్వాలు మొహాన కప్పుకున్నాడు. నాకూ ముందు అట్లాగే అనిపించింది. తర్వాత వాకిట్లోకి పోయి ఎండలో చూశాను. పక్కింటి మాణిక్యం కళ్లజోడు అడిగి పెట్టుకుని మళ్ళీ చూశాను.

మచ్చ లేదు.

నీకు తెలుసో తెలియదో, దీవెన చెంప మీద పుట్టుమచ్చ ఉంది. చింతగింజంత. రంగు కూడా చింతగింజ రంగే. కంటికింద మొదలై చెవివైపుకి చిన్న తోక లాగినట్టు ఉండేది. నేను కడుపుతో ఉండగా చంద్రగ్రహణం రోజు చెంప గోక్కున్నానని మా అత్త చచ్చేదాకా నన్ను సాధించింది. "మనం కిరస్తానీలం అత్తా, మనకి గ్రహణాలేంది" అంటే, "చంద్రుడికేం తెలుసే నువ్వు కిరస్తానీదానివని" అనేది.

ఏమీ వేసుకోలేదని రాశావు. మరి మచ్చ ఏది తల్లీ? ఫోటో తీసినవాళ్లు తుడిచేశారా? లేకపోతే నాకే మతి పోతోందా? ఐదు నెలలకే కన్నబిడ్డ మొహం మర్చిపోతారా ఎవరైనా? నిజం రాయి. ఏదైనా పడతాను.

మార్త

*

భవానీపురం,
మార్చి 18.

ఆంటీ,

మీకు మతి పోలేదు. నేనే అబద్ధం రాశాను. మీరు అడిగింది నా దగ్గర లేదు, లేదని రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ మూడో ఫోటో కోసం దీవెన అద్దం ముందు గంటా నలభై నిమిషాలు కూర్చుంది. మా బోర్డు మీద వేయడానికి తీసిన ఫోటో అది. 'న్యాచురల్ లుక్' అంటారండీ దాన్ని. మేకప్ వేసుకున్నట్టు తెలియకుండా వేసుకునే మేకప్. ఎర్ర లిప్‌స్టిక్కులు, మెరుపులు ఎవరైనా వేస్తారు. ఇది చెయ్యి తిరిగినవాళ్లకే వస్తుంది. దీని కోసమే గుడివాడ నుంచీ, గన్నవరం నుంచీ పెళ్లికూతుళ్లు దీవెనను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఒకమ్మాయి, "మేకప్ వేసినట్టు ఉండకూడదక్కా, కానీ వేయించుకున్నానని మా ఆడపడుచుకి తెలియాలి" అంది. "అయితే మెడలో బోర్డు తగిలించుకో చెల్లీ" అంది దీవెన. పెళ్లికూతురు నవ్వినవ్వి కాటుక కరిగిపోయి మళ్ళీ మొదటి నుంచి వేయాల్సి వచ్చింది.

మచ్చ సంగతి నాకు తెలుసు ఆంటీ. రోజూ పొద్దున్నే చూసేదాన్ని. లేవగానే పళ్లు కూడా తోముకోకుండా ముందు దాని పని చూసేది. మచ్చ మీద మొదట నారింజ రంగు క్రీము, సూదిమొనంత. నేరుగా ఒంటి రంగు వేస్తే కింద నుంచి బూడిద రంగు తేలుతుంది, అది తేలకుండా. దాని మీద తన రంగు క్రీము. బజారులో దొరికే ఏ రంగూ తనకు సరిపోయేది కాదు. మూడు రంగులు కలిపి ఒక బుల్లి డబ్బాలో పెట్టుకునేది. ఉంగరం వేలితో అద్దేది. "అన్ని వేళ్లలో బలం లేనిది అదే, అందుకే దానికి నెమ్మది ఎక్కువ" అనేది. రుద్దితే పని చెడినట్టే. ముక్కు పక్కన ఉన్న చిన్న మరకలను మాత్రం కావాలని వదిలేసేది. "అంతా నున్నగా ఉంటే జనం నమ్మరే ఉసిరీ" అనేది.

మచ్చతో ఉన్న ఫోటో నా ఫోనులో ఒక్కటీ లేదు. సరదాకి ఫోను ఎత్తినా ఆ చెంపను దిండులో దాచేసేది. క్షమించండి ఆంటీ.

ఉషశ్రీ

*

తోట్లవల్లూరు,
ఏప్రిల్ 13, మట్టల ఆదివారం.

ఉసిరీ,

నీ ఉత్తరం చదివాక ఒకటి గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుంది. నేను పొయ్యి దగ్గర్నుంచి చూస్తా చూస్తా, "అంతసేపు కూర్చుని ఏం పూశావే, ఏమీ పూసినట్టే లేదు" అన్నాను. "అదేగదమ్మా పని" అని ఎంత మురిసిపోయిందో. నేను తిట్టాననుకున్నాను. అది మెచ్చుకోలని ఇప్పుడు తెలిసింది.

సరే. ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను.

ఆ రోజు మా వాకిట్లో పెట్టె మూత తీసినప్పుడు నేను ముందు చెంప వంక చూశాను. మచ్చ లేదు. ఇది దీవెన కాదు, ఆస్పత్రిలో పొరపాటు జరిగి ఎవరి బిడ్డనో మాకు పంపారు, నా బిడ్డ అక్కడే మంచం మీద బతికే ఉంది అనుకున్నాను. "ఏవయ్యా, మన పిల్ల కాదయ్యా, లేచి పోదాం పద బెజవాడ" అని మా ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. అందరూ నాకు పిచ్చెక్కిందన్నారు. ఆ కాసేపు నేను ఎంత సంతోషపడ్డానో ఎవరికి చెప్పుకోను? ఎవరిదో బిడ్డ చచ్చిపోయిందని సంతోషపడ్డాను ఉసిరీ. తర్వాత ఎవరో చేతులు సర్దుతుంటే దీవెన వంకర చిటికెన వేలు కనపడింది. ఆ వేలు పట్టుకుని మొహం మీదికి వంగాను.

ముద్దు పెట్టుకుంటే పెదాలకి క్రీము వాసన తగిలింది. నా బిడ్డ వాసన కాదు.

ఎవరు పూశారు? ఆస్పత్రి వాళ్లు ఇట్లాంటివి చేయరని మాణిక్యం కొడుకు చెప్పాడు. నువ్వు దాన్ని తెచ్చిన బండిలోనే వచ్చావు.

మార్త

*

భవానీపురం,
మే 1.

ఆంటీ,

నేనే.

ఈ మాట రాసి వారం రోజులు కవరులో పెట్టకుండా ఉంచాను. మిగిలింది కూడా రాస్తున్నాను.

బుడమేరు నీళ్లు దిగిపోయాక మా సందులో ఇంటికొకరు జ్వరంతో పడ్డారు. దీవెనకు ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయంటే నేనే ఆస్పత్రిలో చేర్చాను. మూడో రోజు, లోపలికి, అద్దాల గదిలోకి మార్చే ముందు, నన్ను దగ్గరకు రమ్మంది. ఆ డబ్బా తన బ్యాగులోంచి తీసి నా చేతిలో పెట్టింది. "ఏమన్నా అయితే నన్ను ఊరికి ఉత్త మొహంతో పంపకే ఉసిరీ" అంది. "నోరు ముయ్, ఎల్లుండి గన్నవరం పెళ్లికూతురుంది" అని తిట్టాను. నేను తనతో అన్న ఆఖరి మాట అది.

అంబులెన్సు కరకట్ట ఎక్కాక వేశాను ఆంటీ. ఇంట్లో నాకు వీలుండదని తెలుసు. బండి ఊగుతుంటే వేలు జారింది, రెండుసార్లు తుడిచి మళ్ళీ వేశాను. చల్లబడిన చర్మం మీద క్రీము కరగదండీ. ఈ పని నేర్చుకున్నప్పుడు ఎవరూ చెప్పలేదు నాకు. నా చేతి మీద వేసుకుని వెచ్చబెట్టి అద్దాను. తన కన్నా బాగా కుదిరింది. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. మీరు "మన పిల్ల కాదు" అని అరిచినప్పుడు నేను మీ వెనకాలే ఉన్నాను. అప్పుడే చెప్పాల్సింది. పారిపోయి బండిలో కూర్చున్నాను.

ఎందుకు అట్లా అడిగిందో కూడా చెప్పింది. అది మాత్రం నన్ను అడగొద్దు.

ఉషశ్రీ

*

తోట్లవల్లూరు,
జూలై 20, ఆదివారం.

ఉసిరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలల పైన అయింది. ముందు నీ మీద కోపం వచ్చింది. నీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయాను. మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పిల్లకి మాత్రం ఎవరున్నారే. చచ్చినదాని మాట నిలబెట్టింది" అన్నాడు. తర్వాత దాని మీద కోపం వచ్చింది. ఇప్పుడు కోపం పోయి ఏదో మిగిలింది, దానికి పేరు తెలియదు.

ఎందుకు అడిగిందో నువ్వు రాయలేదు గదా. నేను రాస్తాను, తప్పయితే చెప్పు. "మా అమ్మ సిగ్గుపడుద్ది" అని గదా అంది?

నాకు తెలుసు. నేర్పింది నేనే. దానికి తొమ్మిదేళ్లప్పుడు గుళ్లో మొదటిసారి నాలుక మీద అప్పం పెట్టి సత్ప్రసాదం ఇచ్చే రోజు. తెల్ల గౌను కుట్టించాను, తలకి పూల కిరీటం. ఉయ్యూరు నుంచి ఫోటోల అతను వచ్చాడు. నేను దాన్ని వంటింట్లోకి లాక్కుపోయి పౌడరులో శనగపిండి, ఇంత పసుపు కలిపి ఆ చెంపకి మెత్తాను. అది కదలకుండా నిలబడి, "అమ్మా, యేసయ్యకి కూడా కనపడకూడదా?" అని అడిగింది. నేను నవ్వి, "ముందు మనుషులకి కనపడకుండా చూడు, తర్వాత యేసయ్య సంగతి" అన్నాను. అంత మాట అన్నాను.

ఆ రోజు నుంచి ఎవరు ఫోటో తీసినా నేను దాని గడ్డం పట్టుకుని మొహం పక్కకి తిప్పేదాన్ని. చుట్టాల ముందు ఆ చెంప మీదికి జుట్టు లాగేదాన్ని. ఎవరన్నా ఏమన్నా అంటారని భయం గానీ, దేవుడి తోడు, నాకెప్పుడూ అది చెడ్డగా కనపడలేదు. ఆ మాట ఒక్కసారి దానితో అని ఉంటే సరిపోయేది. ఇరవై ఆరేళ్లు ఉంది గదా నా దగ్గర, ఒక్కసారి అనడానికి తీరిక లేకపోయింది.

ఇల్లంతా వెతికాను. ఉన్నవి ఆరు ఫోటోలు. ఆరింట్లోనూ పక్కకే తిరిగి ఉంది. ఆధార్ కార్డు కూడా తీశాము. అందులో మొహమంతా మచ్చే.

సమాధి గోడలు లేచినాయి. ఆ కిటికీ ఫోటోనే వేయిద్దాం, బాగుంది. కానీ మచ్చ పెట్టి వేయించు. నువ్వు తీసెయ్యగలిగినదానివి, పెట్టలేవా? మచ్చ ఒక్కటే బొమ్మ గీసి పంపుతున్నాను. నీళ్లు పడి అలికినట్టయింది, అయినా తెలుస్తది. కుడి చెంప. కంటికింద రెండు వేళ్లు దిగి. తోక చెవివైపుకి. తల్లి తప్పు చేసిందని రాతి మీద రాయించలేను గదా, ఇదన్నా చెయ్యనీ.

మార్త

*

భవానీపురం,
ఆగస్టు 4.

ఆంటీ,

మీరు అడిగిన మాటకు నేను జవాబు రాయలేను. రాయలేదంటేనే మీకు తెలిసిపోతుందని కూడా తెలుసు.

మచ్చ పెడతాను. కంప్యూటరులో వద్దు, అది అతికించినట్టు ఉంటుంది. పెద్ద ఫోటో తీయించి దాని మీద నేనే చేత్తో వేస్తాను, పెన్సిలు, పౌడరు కలిపి. దాన్ని వెంకటప్పయ్య గారు టైలు మీదకి ఎక్కిస్తారు. పుట్టుకతో వచ్చింది పుట్టుకతో వచ్చినట్టే ఉండాలి. మా ఇళ్లలో చంటిపిల్లలకు దిష్టి తగలకుండా చెంప మీద కాటుక చుక్క పెడతారు, చూసే ఉంటారు. దీవెనతో అనేదాన్ని, "నీకు దేవుడే పెట్టి పంపాడే, మీ అమ్మకి పని తగ్గింది" అని.

ఒక్క సంగతి. మీరు కుడి చెంప అని రాశారు. నాకు ఎడమ అని గుర్తు. ఒకసారి చూసి చెప్పండి. తప్పు జరగకూడదు.

ఉషశ్రీ

*

తోట్లవల్లూరు,
ఆగస్టు 14.

ఉసిరీ,

ఏం చూసి చెప్పను తల్లీ? చూడటానికి ఏముంది నా దగ్గర?

కుడే. పదేళ్లు వచ్చేదాకా దానికి నీళ్లు పోసింది నేను. పీట మీద కూర్చోబెట్టి ఎదురుగా కూర్చుని కొంగుతో తుడిచేదాన్ని. నా కుడిచెయ్యి వెళ్లి తగిలేది ఆ మచ్చకే. నా చేతికి తెలియదా? నువ్వు నాలుగేళ్లు చూశావు, నేను కన్నాను. దాని విషయంలో అన్నిట్లోనూ తప్పేనని ఒప్పుకున్నాను. ఇదొక్కటీ కూడా నాది తప్పంటే నేనెందుకు ఇంక తల్లిని?

కుడి చెంపకే పెట్టు. ముందుగా నాకు చూపించొద్దు, చూస్తే మళ్ళీ ఏదో ఒకటి అంటాను. నేరుగా పంపెయ్యి.

మార్త

*

భవానీపురం,
అక్టోబరు 6.

ఆంటీ,

ఏడాది పూజకు రాలేకపోయాను. వస్తే మీ మొహం చూడాలి.

టైలు వచ్చింది. రేపు తోట్లవల్లూరు బస్సు డ్రైవరు చేతికిస్తాను, అంకుల్‌ని స్టాండులో తీసుకోమనండి. గుడ్డలు చుట్టి అట్టపెట్టెలో పెట్టాను, జాగ్రత్త. మచ్చ వేయడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి మూడూ పెయింటులా ఉన్నాయి, చింపేశాను. నాలుగోది చూసి వెంకటప్పయ్య గారు, "ఏవమ్మా, మచ్చ ఉంచమంటావా, తీసెయ్యమంటావా? అందరూ తీసెయ్యమంటారు" అన్నారు. పుట్టుకతో వచ్చిందే అనుకున్నారు ఆయన.

మీరు చెప్పినట్టు కుడి చెంపకే పెట్టాను. కాదనడానికి నేనెవరినండీ.

ఉషశ్రీ

*

తోట్లవల్లూరు,
అక్టోబరు 17.

ఉసిరీ,

టైలు వచ్చిన రోజు నేను పొలంలో ఉన్నాను. మా ఆయన స్టాండులో తీసుకుని ఇంటికి కూడా రాకుండా అటునుంచి అటే సమాధుల దొడ్డికి పోయాడు. సిమెంటు కలిపి పెట్టుకున్నాడట. బిగించి, చుట్టూ నున్నగా పూసి, సాయంత్రం వచ్చి, "మొహం కడుక్కుని పద, నీ బిడ్డ పిలుస్తోంది" అన్నాడు. ఏడాది తర్వాత ఆయన మొహంలో ఆ వెలుగు చూశాను.

పోయాను. ఎదురుగా కూర్చున్నాను. దీవెనే. నవ్వబోతోంది. చెయ్యి చాపాను. నా కుడిచెయ్యి పోయి తగిలిన చోట ఏమీ లేదు. నున్నగా ఉంది. మచ్చ అవతలి పక్కన ఉంది.

అట్లాగే చెయ్యి టైలు మీద పెట్టుకుని కూర్చుంటే అప్పుడు తెలిసింది. నేను ఎప్పుడూ దానికి ఎదురుగానే కూర్చున్నాను గదా. నా కుడిచేతి వైపు ఉన్నది దాని ఎడమ చెంప. కుడి కుడి అని నీ మీద అరిచింది నా కుడి గురించి. దాని వైపు నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మా ఆయనతో చెప్పాను. "మచ్చ పడిందా లేదా, ఏ పక్కయితే ఏందే" అన్నాడు ముందు. తర్వాత అర్థమై, సుత్తి, ఉలి తీసుకుని పోయి, టైలు అంచున పెట్టి, కొట్టలేక తిరిగొచ్చాడు. తీస్తే పగులుద్ది. ఉంచితే అది దీవెన కాదు. పండగ రెండు వారాల్లో ఉంది. ఊరంతా వస్తారు. ఏం చెయ్యమంటావు?

నువ్వు సరిగ్గానే చెప్పావు. ఎందుకు విన్నావు నా మాట? రెండుసార్లు మా మాట విన్నావు, ఒకసారి బిడ్డది, ఒకసారి తల్లిది. ఎవరన్నా ఒకరు మా మాట కాదని ఉండాల్సింది.

మార్త

*

భవానీపురం,
అక్టోబరు 24.

ఆంటీ,

కొత్త టైలు కుదరదు. వెంకటప్పయ్య గారు కాశీ వెళ్లారు, పండగ తర్వాత గానీ రారు. నాకు నవంబరు రెండున గన్నవరంలో పెళ్లికూతురుంది. నెలల ముందు ఒప్పుకున్నది, నేను రాలేను. రాకుండా ఉండటానికి సాకు దొరికిందని కూడా అనుకుంటున్నాను, దాచను.

ఈ పార్సిల్లో దీవెన డబ్బా పంపుతున్నాను. ఆ రోజు తను నా చేతిలో పెట్టినదే. ఆ రంగు ఇంకెవరికీ సరిపోదండీ. నారింజ క్రీము, పౌడరు, గోధుమ రంగు పెన్సిలు కూడా ఉన్నాయి. మీరే చెయ్యాలి.

ముందు టైలు పొడిగుడ్డతో తుడవండి. తప్పు పక్కనున్న మచ్చ మీద నారింజ, పెసరబద్దంత, ఎక్కువ వద్దు. తర్వాత డబ్బాలోది. వేలితో తీసి ముందు మీ చేతి వెనక వేసుకుని వెచ్చబెట్టండి. ఉంగరం వేలితో అద్దండి. రుద్దొద్దు. తొందర పడొద్దు. అంచులు కలిసేదాకా అద్దడమే. పైన కొంచెం పౌడరు అద్దితే నిలుస్తుంది. అప్పుడు పెన్సిలు. గీత గీయకండి, చుక్కలు చుక్కలుగా పెట్టి వేలితో కలపండి. ఎక్కడ పెట్టాలో నేను రాయను. మీ చేతికి తెలుసు.

వాన పడితే పోతుంది ఆంటీ. అంతకన్నా నాకు చేతకాలేదు.

ఉసిరి

*

తోట్లవల్లూరు,
నవంబరు 3.

ఉసిరీ,

నువ్వే ఆ పేరు రాసుకున్నావు ఈసారి. చూశాను.

తుఫాను వెళ్లిపోయినా మబ్బు పోలేదు. నిన్న తెల్లారగానే పోయాను, ఎవరూ రాకముందు. పసుపు పనికి పోయి పోయి నా వేళ్లు మొద్దుబారినాయి, గోళ్ల సందుల్లో ఎప్పుడూ పచ్చగానే ఉంటది. కొబ్బరిపీచుతో తోముకుని పోయాను. డబ్బా మూత తీస్తే ఆ వాసన. పెట్టె దగ్గర తగిలిన వాసనే. ఏ వాసనని నా బిడ్డది కాదన్నానో, అదే నా బిడ్డ వాసన అయింది ఇప్పుడు. క్రీములో ఒక పక్కన వేలి గుంట ఉంది. దానిదో, నీదో. దాని జోలికి పోకుండా ఇవతల పక్క నుంచి తీశాను.

టైలు చల్లగా ఉంది. ముందు జారిపోయింది, రెండుసార్లు తుడిచాను. చేతి వెనక వెచ్చబెట్టి అద్దితే పట్టింది. ఉంగరం వేలు నా మాట వినలేదు కాసేపు. తర్వాత విన్నది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, మచ్చ మెల్లగా లోపలికి పోయింది. నా చేత్తో దాని మొహం మీద మచ్చ కప్పడం ఇది రెండోసారి ఉసిరీ. ఏడుపు రాలేదు. పని ఉంది గదా.

పెన్సిలు పట్టుకున్నాక మాత్రం ఎక్కడ పెట్టాలో కంటికి తేలలేదు. కళ్లు మూసుకుని చెయ్యి చాపాను. పోయి ఆగింది. అక్కడే పెట్టాను. చుక్క చుక్కగా, తోక చెవివైపుకి. మీవాళ్లు చంటిపిల్లలకి దిష్టిచుక్క పెడతారని రాశావు చూడు, అట్లా పెట్టాను. పసిదిగా ఉన్నప్పుడు పెట్టనే లేదు. ఉన్నదాన్ని చెరపడానికే సరిపోయింది.

ఎనిమిదింటికి జనం వచ్చారు, కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని. ఫాదర్ గారు ఒక్కో సమాధి మీద నీళ్లు చల్లుతా వస్తుంటే నేను టైలుకి అడ్డం నిలబడ్డాను. నీళ్లన్నీ నా వీపు మీద పడ్డాయి. మాణిక్యం దగ్గరకొచ్చి, "పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నావంట, ఏం చేశావే? ఏమీ చేసినట్టే లేదు. అచ్చం మీ పిల్లే కూర్చున్నట్టుంది" అంది. "అదే గదా పని" అన్నాను. అన్నాక ఏడుపు ఇంక ఆగలేదు. మాణిక్యం పట్టుకుంది.

సాయంత్రం వాన వచ్చింది. నేను పోయి గొడుగు పట్టలేదు. ఎన్ని వానలకు పడతాను? ఈ పొద్దున పోయి చూస్తే తప్పు మచ్చ బయటికి వచ్చేసింది, నేను పెట్టింది సగం కారి కిందకి దిగింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టాను. మా ఆయన దూరంగా నిలబడి చూశాడు. డబ్బాలో ఇంక ఎంతో లేదు. అయిపోతే మళ్ళీ ఆ రంగు కలపడం నీక్కూడా రాదు గదా? అది ఎవరికీ నేర్పినట్టు లేదు. పెన్సిలు మాత్రం చాలా రోజులు వస్తది.

వెంకటప్పయ్య గారు కాశీ నుంచి వచ్చినా కొత్త టైలు వేయించొద్దు. అది సరిగ్గా వస్తే నాకు అక్కడ కూర్చోవడానికి పని ఉండదు.

నీ మీద నాకు ఏమీ లేదు. వీలున్నప్పుడు రా. రాలేకపోతే రాయి. ఫోన్ చెయ్యి అనను, నేను కూడా చెయ్యలేను ఇంకా. ఆ నంబరు మాత్రం మార్చొద్దు.

పెళ్లిళ్ల రోజుల్లో నువ్వు టీ నీళ్లతోనే రోజంతా పని చేస్తావని దీవెన చెప్పేది, నేను వినేదాన్ని, ఊరుకునేదాన్ని. ఇప్పుడు చెబుతున్నాను. పొద్దున్నే ఏదన్నా తిని బయలుదేరు. మధ్యాహ్నం అన్నం మానొద్దు. కడుపు నిండా తిను తల్లీ.

మార్త